చేతిలో అలెన్ కీ ఉన్న పాఠకుడు

తమ్ముడూ,

స్పోర్ట్ బైకు ముందు సస్పెన్షన్‌ను ఇంట్లోనే ఎలా దించుకోవాలో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పని తెలిసి రాశావని మొదటి పేరాలోనే అర్థమైంది. ఒక్కచోట మాత్రం గుండె జారింది. ముందు చక్రాన్ని మోసే రెండు ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే క్లాంపు బోల్టులన్నీ వదులు చేయమని రాసి, బైకును స్టాండు మీదకి ఎత్తాలన్న మాట నాలుగు వాక్యాల తర్వాత చెప్పావు.

నీ పాఠకుడు కుర్చీలో కూర్చుని చదవడు. బైకు పక్కన గొంతుక్కూర్చుని, ఒక వాక్యం చదివి, ఆ పని చేసేసి, మళ్లీ ఫోను వంక చూస్తాడు. నాలుగో వాక్యానికి వచ్చేలోపే బండి ముందుభాగం ఫోర్కుల మీదుగా జారి కూలబడుతుంది. నా మొదటి బండి అలాగే కూలబడింది, దాని ప్లాస్టిక్ తొడుగు, ఫెయిరింగు, పగిలింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, స్టాండు మాట ముందు రావాలి. ఏ స్టాండో కూడా చెప్పు. ఫోర్కుల అడుగున ఆనే స్టాండు ఈ పనికి పనికిరాదు, బరువు ఫోర్కుల మీదే ఉంటుంది. స్టీరింగ్ స్టెమ్ కింద, అంటే హ్యాండిల్ తిరిగే నడిమి ఇరుసు కింద, ఆనేది కావాలి.

ముందుభాగం దిగడానికి క్లాంపుల్లో 'ఫోర్కులను కొంచెం పైకి జరపాలి' అన్నావు. కొంచెం అంటే? ఒక్కసారికి 5 మిల్లీమీటర్లు అని రాయి. పై క్లాంపు అంచు నుంచి ట్యూబు అంచు దాకా కొలవాలి, దాని మీది క్యాప్ దాకా కాదు. రెండు వైపులా ఒకే కొలత రావాలి.

అన్నిటికంటే నాకు లోటుగా తోచింది, ఎందుకు అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేకపోవడం. రెండు చక్రాల ఇరుసుల మధ్య 1400 మి.మీ. ఉన్న బండిని ముందు 25 మి.మీ. దించితే ఫోర్కు వాలు దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది. ట్రెయిల్ కూడా, అంటే స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం కూడా, తగ్గుతుంది. బండి చటుక్కున తిరుగుతుంది కానీ, వేగంలో హ్యాండిల్ వణికే ప్రమాదం పెరుగుతుంది. కాళ్లు నేలకు అందడం కోసమే దించుకునేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. ముందు దించినంతా సీటు దగ్గర తగ్గదు. వెనక కూడా దించాలి, అప్పుడు సైడ్ స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలబడి, చిన్న తోపుకే పడిపోతుంది. ఇది తెలిసిన పాఠకుడు ఎక్కడ ఆగాలో తనే చూసుకుంటాడు.

ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు టైరుగానీ మడ్‌గార్డుగానీ రేడియేటరుకు, కింది క్లాంపుకు తగలకూడదన్నది రాశావు, బాగుంది.

చివర్లో 'గట్టిగా బిగించాలి' అన్నది కొట్టెయ్. ఒక్కొక్కరి చేతి బలం ఒక్కోలా ఉంటుంది. కింది క్లాంపు మరీ బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి ఫోర్కు సాఫీగా కదలదు. ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో, బోల్టులను మార్చి మార్చి బిగించమని రాయి.

మూడో ఫోటో మళ్లీ తియ్యి, స్కేలు మీద అంకెలు కనబడాలి. తిరగరాసి ఆదివారం లోపు పంపు. నా బండి పక్కన కూర్చుని, నువ్వు రాసిన వరసలోనే ఒక్కో వాక్యం చదువుతూ చేసి చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య