ఏకాంతర కోణాల్లో ఏకాంతం ఉందా?

సందేహం: మా అమ్మాయి లెక్కల పుస్తకంలో సమాంతర రేఖలు, అంతర కోణాలు, ఏకాంతర కోణాలు అని ఉన్నాయి. మూడింట్లోనూ ఉన్న ‘అంతర’ ఒకటేనా? ఏకాంతర కోణమంటే ఏకాంతంగా ఉండేదా అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

సమాధానం: అమ్మాయి మంచి ప్రశ్నే వేసింది. కానీ ఏకాంతంతో దీనికి చుట్టరికం లేదండీ. అది ఏక + అంతం, ఇది ఏక + అంతరం. రెండుచోట్లా సవర్ణదీర్ఘం పడేసరికి చెవికి దగ్గరగా వినిపిస్తాయి.

అంతరం అంటే ఎడం. ఎడం లేకుండా వెంటనే వచ్చేది అనంతరం, ఎడతెగనిది నిరంతరం. రెండు గీతల మధ్య ఎడం పొడవునా ఒక్కలాగే ఉంటే సమాంతరం. నడుమ ఒకదాన్ని వదిలేస్తే ఏకాంతరం. ‘రోజు విడిచి రోజు’ అంటాం చూడండి, అదే.

కాగితం మీద రెండు అడ్డగీతలు, వాటిని కోస్తూ ఓ ఏటవాలు గీత గీయించండి. మొత్తం ఎనిమిది కోణాలు వస్తాయి. అడ్డగీతల నడుమ ఉన్న నాలుగూ అంతర కోణాలు. ఇక్కడ మాత్రం ‘అంతర’ అంటే లోపలిది. ఆ నాలుగింటి మీదా గడియారం తిరిగే దిక్కుగా వేలు జరుపుతూ, ఒకటి పట్టుకుని, పక్కది విడిచి, మూడోదాని దగ్గర ఆగమనండి. మొదటిదీ మూడోదీ ఏకాంతర కోణాలు! పెరట్లో మందార ఉంటే కొమ్మ కూడా చూపించండి. కణుపుకి ఒక్కో ఆకు చొప్పున, ఒకటి ఇటు, తరవాతిది అటు. వృక్షశాస్త్రంలో దాన్నీ ఏకాంతర పత్రవిన్యాసమనే అంటారు.

నాకు నచ్చని మాట ‘సదృశ కోణాలు’. అంటే రెండు అడ్డగీతల దగ్గరా ఒకే చోట, పైన కుడివైపుదీ పైన కుడివైపుదీ అన్నట్టు, ఉండే కోణాల జత. సదృశం అంటే పోలినది కదా, పిల్లలు వెంటనే ‘అయితే సమానమే’ అనేస్తారు. ఇక్కడ పోలిక కోణాలున్న చోటుకే, కొలతకి కాదు. గీతలు సమాంతరమైతేనే కొలతలూ కలుస్తాయి. ఏకాంతర కోణాల సంగతీ అంతే.

అన్నట్టు, ఆ ఏటవాలు గీతని ‘తిర్యక్‌రేఖ’ అని రాస్తుంటారు. సంధి చేస్తే తిర్యగ్రేఖ. వాక్ + ఈశుడు వాగీశుడైనట్టే ఇక్కడా కకారం గకారమైంది. తిర్యక్ అంటే అడ్డంగా అని. పశువులకి తిర్యక్కులని పేరొచ్చిందీ అందుకే: వాటి ఒళ్లు మనలా నిలువుగా కాక నేలకి అడ్డంగా ఉంటుంది.