ఒకే రోజు పండని పళ్ళు

చిరంజీవి లావణ్యకు ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. నాన్నమ్మ పోయాక తోటకి ఒంటరిగా వెళ్ళిన ఆ మనవరాలు నన్ను వదల్లేదు. కానీ గేటు తీసుకుని లోపలికి వెళ్ళగానే "రకరకాల పళ్ళు, రంగురంగుల పూలు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. అక్కడ మనసు చివుక్కుమంది. నాన్నమ్మ నలభై ఏళ్ళు బతికింది ఆ చెట్ల మధ్యే కదమ్మా.

నీకొక బొమ్మ గురించి చెప్పాలి. బార్తొలొమెయో బింబి అని 1648లో పుట్టిన చిత్రకారుడు, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉండేవాడు. ఆ నగరం ఉన్న టస్కనీ ప్రాంతాన్ని ఏలిన మూడో కోసిమో దె మెదిచికి తోటలంటే ప్రాణం. తన నేలలో కాసే పళ్ళను రకాల వారీగా బొమ్మల్లోకి ఎక్కించే పని బింబికి అప్పగించాడు. 1715లో వేసిన నిమ్మ, నారింజ జాతుల బొమ్మలే నాలుగు పెద్ద కాన్వాసులు. అంతకు ముందు, 1699 ప్రాంతంలో, బేరిపళ్ళు వేశాడు. మనం ఇప్పుడు షాపుల్లో పియర్స్ అంటున్నవే. ఒకే కాన్వాసు మీద 115 రకాలు! అది ఇప్పుడు ఫ్లోరెన్స్ దగ్గర పొజ్జో అ కయానోలో ఉన్న మెదిచీల భవనంలో ఉంది. ఇలాంటి బొమ్మల్ని ఇటాలియన్‌లో "చచ్చిన ప్రకృతి" అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఈ బొమ్మ ముందు నాకు ఆ మాట నోటికి రాదు.

స్క్రీన్ మీద పెద్దది చేసి ఎన్ని గంటలు చూశానో. అందులో వేసవి మొదట్లో పండే కాయలూ ఉన్నాయి, చలికాలం దాకా ఆగే కాయలూ ఉన్నాయి. అవన్నీ పండి ఒకచోట చేరిన రోజు ఏ ఏడాదీ ఉండదు. అయినా బొమ్మలో అబద్ధం కనిపించదు. ఏ నెల కాయను ఆ నెలలో దగ్గరగా చూసి పెట్టుకోకపోతే అది కుదిరే పని కాదు.

ఇంకో సంగతి. 115 పేర్లంటే జాబితా అయిపోవాలి. కాలేదు. పళ్ళ పక్కన చిన్న అంకెలు మాత్రమే వేసి, పేర్లన్నీ బొమ్మ అడుగున ఒక పలక మీద రాశాడు. పైన మాత్రం ఆకులు, నీడ, ఒకదాని మీద ఒకటి ఒరిగిన కాయల బరువు. నీ పలక నీ నోట్‌బుక్కులో ఉండాలి, కథలో కాదు. అయితే అది లేకుండా కథ మొదలుపెట్టకు.

నువ్వు ఈసారి చెట్ల పేర్లు కనుక్కుని చిన్నరసం, పెద్దరసం, సువర్ణరేఖ అని వరసగా పేర్చేస్తావేమోనని నా భయం. అలా వద్దు. ఏ చెట్టు కాయ కోస్తే సొన చేతికి ఎక్కువ అంటుతుంది, ఏది ముందు రాలుతుంది, నాన్నమ్మ ఏ కాయలు గడ్డిలో మగ్గబెట్టేది, ఏవి పచ్చడికి పక్కన పెట్టేది, ఇవి కావాలి. తోట చూసుకునే ఆయన్ని అడుగు. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకో.

ఇప్పుడు పిందెలు పడుతున్నాయి కదా. ఈ ఆదివారమే వెళ్ళు, తేదీ వేసి రాసుకో. రెండు వారాలకోసారి మళ్ళీ వెళ్ళు. పత్రికకి తొందరేం లేదు, టెన్షన్ పడకు. ఆఖరి కాయ కోసేదాకా ఈ కథ నాకు మళ్ళీ పంపొద్దు.

ప్రేమతో,
మీ మాస్టారు