కోతి పంజా: మా వాకిట్లో ఎవరూ తలుపు దగ్గర భయపడలేదు

‘కోతి పంజా’ కథ చివర్లో తలుపు తట్టింది చనిపోయిన కొడుకేనా, లేక అదంతా కాకతాళీయమా, చదివినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఏమన్నారు అని అడిగారు. మా ఇంట్లో ఈ కథ ఎవరూ చదవలేదు. నేను చెప్తుంటే విన్నారు. విన్నవాళ్ళు భయపడ్డారు కూడా, కాని మీరు అడిగిన చోట కాదు.

చదవనివారి కోసం నాలుగు ముక్కలు. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ అనే ఇంగ్లీషు రచయిత 1902లో అచ్చువేసిన కథ ఇది. ఇరవై ఒక్క ఏళ్ళు భారతదేశంలో పనిచేసి వచ్చిన సార్జెంట్ మేజర్ ఒకడు ఎండిన కోతి చెయ్యి తెస్తాడు. ఎవరో ఫకీరు మంత్రించి ఇచ్చాడట, మూడు కోరికలు తీరుస్తుందట. వైట్ అనే ముసలాయన, ఇంటి బాకీ తీరిపోతుంది కదా అని, కొడుకు సరదాగా అందించిన మాట మీద రెండు వందల పౌండ్లు కోరతాడు. మర్నాడు ఆ కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో పడి చనిపోతాడు. కంపెనీ ఇచ్చిన డబ్బు సరిగ్గా రెండు వందలు. వారం గడిచాక, వాణ్ణి బతికించమని కోరుకో అని తల్లి పట్టుబడి రెండో కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆమె గడియ తీసేలోపు తండ్రి మూడో కోరిక కోరేస్తాడు, చప్పుడు ఆగిపోతుంది.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బల్లార్షా దగ్గర బొగ్గు గనుల కాలనీ. వార్ధా నది దాటితే రాజురా, ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఉన్న ఊరు. బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ నుంచి వచ్చి గనిలో చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గనిలో రెండూ కలిపిన హిందీ. కాలేజీలో ఈ కథ చదివిన రోజు సాయంత్రం వాకిట్లో బొగ్గు పొయ్యి రాజుకుంటూ ఉంటే, పొగకు కళ్ళు తుడుచుకుంటూ మొదలుపెట్టాను. వింటున్నది నాయనమ్మ, అమ్మ, పక్క క్వార్టరు అత్త. బాపు సెకండ్ షిఫ్టుకు వెళ్ళని రోజు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పేరు చెప్పగానే మొదటి చిక్కు వచ్చింది. పంజా అనేసరికి నాయనమ్మ చేతులు జోడించింది. మొహర్రంలో పీర్లతో పాటు ఊరేగే వెండి పంజా ఆవిడకు తెలుసు, దానికి మొక్కుకుంటే తీరుతుందని తెలుసు. ఫకీరు అనగానే ఆ నమ్మకం రెట్టింపయింది. ఇది కోతి చెయ్యి నాయనమ్మా అని చెబితే, ఆంజనేయస్వామి చేతిని ఎవడు నరికాడని కోపం తెచ్చుకుంది. కథ అక్కడే ఆగిపోయేది, అమ్మ సర్దిచెప్పింది.

నాయనమ్మ తీర్పు మాత్రం నేను చదివిన ఏ విమర్శకుడి మాటకంటే తక్కువ కాదు. డబ్బు కోరిన రాత్రి ఆ కొడుకు, డబ్బు నాకు కనిపించడం లేదు, ఇక కనిపించదు కూడా అంటాడు. ఆ ముక్క దగ్గర ఆవిడ నన్ను ఆపింది. “పంజా కాదు బిడ్డా, వాడి నోరే. తథాస్తు దేవతలు విన్నారు.” మా తరగతిలో ఈ వాక్యాన్ని ఎవరూ పట్టుకోలేదు, నేను కూడా. ఇంకొకటి కూడా అంది. వారానికే పిలిచారు కాబట్టి వచ్చాడట. దినాలు కాకుండా, పిట్టకు పెట్టకుండా పోయినవాడు ఇంటి చుట్టూ కాక ఇంకెక్కడ తిరుగుతాడని అడిగింది. కాబట్టి మీ ప్రశ్నకు మా నాయనమ్మ జవాబు: కొడుకే. అందులో ఆవిడకు వింత ఏమీ కనిపించలేదు.

అసలు సంగతి మధ్యలో జరిగింది. కొడుకు చావు కబురు తెచ్చే ఘట్టం కథలో చిన్నదే. మంచి బట్టలు వేసుకుని, తళతళలాడే కొత్త టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు ఇంటి ముందు తచ్చాడుతుంటాడు. మూడుసార్లు గేటు దగ్గర ఆగుతాడు, ముందుకు వెళ్ళిపోతాడు. నాలుగోసారి గేటు మీద చెయ్యి వేసి నిలబడి, ఒక్కసారిగా తోసుకుని లోపలికి వస్తాడు. నేను దీన్ని గబగబా దాటేయబోయాను, ఎందుకంటే దయ్యం ఇంకా రాలేదు కదా. తల ఎత్తి చూస్తే వాకిట్లో ఎవరూ కదలడం లేదు. అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

“ఎన్నిసార్లు ఆగాడు?” అంది అత్త.

“మూడుసార్లు.”

“మా ఇంటికి వచ్చినవాళ్ళు రెండుసార్లు ఆగారు. ఇద్దరు వచ్చారు.”

గనిలో పైకప్పు కూలి మామ, అంటే అత్త భర్త, చనిపోయినప్పుడు నాకు ఆరేళ్ళు. వేళ కాని వేళ సైరన్ మోగడం ఒక్కటే గుర్తుంది. ఆ సైరన్ మోగితే కాలనీలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారు, వీధిలో నడిచివచ్చేవాళ్ళు ఏ ఇంటి ముందు నెమ్మదిస్తారో చూస్తారు. ఇంగ్లండు ఊరి గేటు మా వాళ్ళకు ఒక్క ముక్క కూడా వివరించవలసిన అవసరం రాలేదు. ఆ వచ్చినవాడు వంగి ప్యాంటు మీది దూదిపోగు తీసుకుంటాడని చెబితే, అత్త తల ఊపింది. తన ఇంటికి వచ్చిన ఇద్దరిలో ఒకాయన జేబులో పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడట, మళ్ళీ తీశాడట.

నన్ను అడిగితే కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. దెబ్బ తగిలిందా అని తల్లి అడుగుతుంది. బాగా తగిలింది, కాని ఇప్పుడు నొప్పి లేదు అంటాడు వచ్చినవాడు. దేవుడి దయ అని ఆమె చేతులు జోడిస్తుంది, ఆ మాటకు అర్థం తెలియడానికి ఒక క్షణం పడుతుంది. తలుపు చప్పుడు దీని ముందు ఎంత?

బాపు అంతసేపటికి నోరు తెరిచి డబ్బు గురించి అడిగాడు. రెండు వందలు ఎక్కువా తక్కువా? యూనియన్‌లో తిరిగిన మనిషి. అప్పుడు నాకు తెలియదు, తరవాత వెతికాను. బ్రిటన్‌లో 1897లో కార్మిక పరిహార చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలో చనిపోయినవాడి మీద పూర్తిగా ఆధారపడినవాళ్ళకు మూడేళ్ళ సంపాదన గాని, 150 పౌండ్లు గాని, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి, 300 దాటకూడదు. కథ అచ్చయ్యేనాటికి ఆ చట్టం అమల్లో ఉంది. రెండు వందలు ఆ రెండు అంకెల మధ్యే పడింది. అయినా కథలో కంపెనీ మాకు బాధ్యత లేదంటుంది, మీ అబ్బాయి చేసిన సేవకు గుర్తుగా ఇస్తున్నామంటుంది. ఈ తల్లిదండ్రులు పూర్తిగా కొడుకు సంపాదన మీదే బతికారా అన్నది వేరే వాదన. ఇది చెప్పినప్పుడు బాపు నవ్వి, “అయితే పంజా ఏమీ చేయలేదన్నమాట, లెక్క ముందే రాసిపెట్టి ఉంది” అన్నాడు. మన దేశంలో అలాంటి చట్టం 1923లో వచ్చిందని ఆయనకు కంఠతా వచ్చు.

ఇక చివరి ఘట్టం. అమ్మ తల్లి పక్షం, బాపు తండ్రి పక్షం. బట్టలను బట్టి తప్ప కొడుకును గుర్తుపట్టలేకపోయానని ముసలాయన అంటాడు కదా, అది విన్నాక బాపు ఇంకేమీ వినదలచుకోలేదు. తలుపు తెరవకపోవడమే మంచిదన్నాడు. అమ్మకు అది నచ్చలేదు. మూడో కోరిక ఆమెను అడగకుండా ఎలా కోరతాడు అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా అంది.

అత్తకు మామ స్థానంలో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో ఆడవాళ్ళను గనిలోకి దించకూడదని నియమం, అందుకని పైన ల్యాంప్ రూమ్‌లో వేశారు. దిగేవాళ్ళకు నంబరు చూసి టోపీ దీపం ఇవ్వడం, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకుని అదే నంబరు గడిలో చార్జింగుకు పెట్టడం. షిఫ్టు అయ్యాక గడి ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు.

“తలుపు తీశాక ఎవరూ లేరా?” అని అడిగింది.

“లేరత్తా. ఎదురుగా వీధి దీపం, ఖాళీ రోడ్డు. అంతే.”

“దీపం వెలుగుతోందా?”

“మినుకుమినుకుమంటూ వెలుగుతోంది.”

“అయితే వచ్చి వెళ్ళాడు” అని లేచి, పొద్దున ఫస్ట్ షిఫ్టు ఉందని వెళ్ళిపోయింది.