డిస్కులు తీసేసినా పాత వాల్యూమ్ గ్రూప్ పేరు ఎందుకు పోదు?

హెచ్‌పీ-యూఎక్స్ (హెచ్‌పీ వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో మిగిలిపోయిన వాల్యూమ్ గ్రూప్ (డిస్కులను కలిపి ఒకే స్టోరేజ్‌గా వాడే గుంపు) పేరును వీజీఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో తీసేయాలి. ఏ గ్రూపులో ఏ డిస్కులున్నాయో సర్వర్ ఎల్‌వీఎమ్‌ట్యాబ్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. డిస్కు ఊడదీసినంత మాత్రాన ఆ రాత చెరిగిపోదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరు రేషన్ కార్డులో ఉండిపోయినట్టు. అందుకే బూట్ అయినప్పుడల్లా లేని డిస్కు కోసం వెతికి ఎర్రర్ చూపిస్తుంది.

చీమకుర్తి క్వారీ లెక్కలు ఒంగోలు ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయనుకుందాం. అందులో వీజీ02 అనే గ్రూపు డిస్కులను నెల్లూరు బ్రాంచికి పంపాలి. ముందు వీజీఛేంజ్ కమాండ్‌తో ఆ గ్రూపును ఆపి, వీజీఎక్స్‌పోర్ట్ ఇస్తే ఎల్‌వీఎమ్‌ట్యాబ్‌లోని వివరం, డివైస్ డైరెక్టరీ (సర్వర్‌లో ఆ గ్రూపు పేరుతో ఉండే ఫోల్డర్) రెండూ పోతాయి. నెల్లూరులో వీజీఇంపోర్ట్ చేసి, గ్రూపును యాక్టివేట్ చేస్తే లెక్కలు మళ్లీ కనిపిస్తాయి.

ఎక్స్‌పోర్ట్ అంటే డేటా చెరిగిపోతుందని చాలామందికి టెన్షన్. అది డిస్కులోని డేటాను ముట్టుకోదు. నిజంగా చిక్కు తెచ్చేది డివైస్ డైరెక్టరీని చేత్తో డిలీట్ చేయడమే. అలా చేస్తే ఎల్‌వీఎమ్‌ట్యాబ్‌లో పేరు అలాగే ఉండి ఎర్రర్ వస్తూనే ఉంటుంది. లినక్స్‌లో మాత్రం గ్రూపు వివరాలు డిస్కుల మీదే ఉంటాయి కాబట్టి, ఇదే పేరున్న కమాండ్ అక్కడ ‘ఎక్స్‌పోర్ట్ అయింది’ అని గుర్తు పెడుతుందంతే.