బ్రాకెట్ల దగ్గర మాత్రం తొందరపడకు

చిన్నీ,

సింపైలో, అదే లెక్కల కోసం వాడే పైథాన్ లైబ్రరీలో, లేటెక్ ప్రింటింగ్, అంటే సూత్రాల్ని అచ్చులో కనిపించే రూపంలోకి మార్చే పని, ఒక్కోచోట ఒక్కోలా వస్తోందని, దాన్ని సరిచేసే పని నువ్వు నెత్తికెత్తుకున్నావని అన్నయ్య చెప్పాడు. గర్వంగా ఉంది, దాంతోపాటు టెన్షనూ పట్టుకుంది.

బ్రాంచ్ తీయడం, ఉన్న టెస్టులు నడిపి చూడటం నీకు నేను చెప్పక్కర్లేదు.

నా భయమంతా బ్రాకెట్ల గురించే. నేను ఒకప్పుడు పనిచేసినచోట స్కూలు పిల్లల లెక్కల వర్క్‌షీట్లు సాఫ్ట్‌వేరే తయారుచేసేది. బ్రాకెట్లు ఒకచోట ఉంటున్నాయి, ఇంకోచోట ఉండట్లేదు అని ఫిర్యాదులొస్తే, టీమ్‌లో ఒక కుర్రాడు, తెలివైనవాడే, ప్రింటర్ (సూత్రాన్ని అచ్చు రూపంలో రాసే కోడ్) జోలికి పోకుండా చివర్లో వచ్చే స్ట్రింగ్ మీద, అంటే తయారైన అక్షరాల వరుస మీద, రెగెక్స్ అనే వెతికి మార్చే సూత్రం వేసి అనవసరం అనిపించినవన్నీ తీసేశాడు. పేజీ చూడ్డానికి శుభ్రంగా తయారైంది. కానీ బ్రాకెట్లో మైనస్ ఎక్స్, బయట స్క్వేర్ ఉండాల్సింది కాస్తా ఉత్త మైనస్ ఎక్స్ స్క్వేర్ అయిపోయింది. ఎక్స్ 3 అయితే విలువెంత అంటే, కళ్ల ముందున్నది చూసి పిల్లలు మైనస్ 9 రాశారు. జవాబు మాత్రం లోపలున్న ఎక్స్‌ప్రెషన్ ట్రీ, అంటే సాఫ్ట్‌వేర్ దాచుకున్న అసలు లెక్క, నుంచి కట్టింది కాబట్టి 9. సరిగ్గా చేసిన ప్రతి బిడ్డకీ ఇంటూ పడింది! లోపలి లెక్క కరెక్టే కాబట్టి టెస్టులన్నీ పాస్, ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఒకావిడ ఫోన్ చేసి, మా పాపకి మైనస్‌లు అర్థం కావట్లేదండీ, ట్యూషన్ పెట్టించమంటారా అని అడిగింది. ఆ పాపకి అన్నీ వచ్చు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే చెప్తున్నా, అచ్చైపోయిన స్ట్రింగ్‌ని కడగకు. బ్రాకెట్ ఉండాలో వద్దో ప్రిసిడెన్స్, అంటే ఏ గుర్తు లెక్క ముందు చేయాలో, చూసి ప్రింటరే తేల్చాలి, దానికి పేరెంథసైజ్ అనే మెథడ్ అందులోనే ఉంది.

ఇంకోటి, సైన్ ఇన్వర్స్‌ని సింపై మామూలుగా ఏసైన్ (asin) అని వేస్తుంది. మన ఇంటర్ పిల్లలకి అలవాటైనట్టు సైన్ నెత్తిన మైనస్ 1 పెట్టేద్దామని నీకు చెయ్యి దురదపెడుతుంది, నాకు తెలుసు. వద్దు. సైన్ నెత్తిన 2 ఉంటే స్క్వేర్, మైనస్ 1 ఉంటే ఇన్వర్స్ అంటే కొత్తగా చదివేవాళ్లు దాన్ని 1 బై సైన్ అనుకుంటారు. కావాలన్నవాళ్లకి ఆప్షన్ ఎలాగూ ఉంది. లాగ్ బదులు ఎల్ఎన్ కావాలన్నా అంతే. డిఫాల్ట్ మార్చావంటే ఎక్కడెక్కడివాళ్ల నోట్సులో మారిపోతాయి.

టెస్ట్ ఫెయిలైతే అందులో ఉన్న పాత జవాబు తీసేసి కొత్తది అతికించి పాస్ చేయించావో, ఊరుకోను! చిన్నప్పుడు పుస్తకం వెనక జవాబు చూసుకుని లెక్క దానికి సరిపెట్టేదానివి. తప్పెక్కడో దొరికేదాకా అన్నం ముట్టనిదానివీ నువ్వేలే తల్లీ. ఇప్పుడు మాత్రం టైముకి తిను.

నీ మార్పుల ప్యాచ్ పంపేముందు మైనస్‌తో మొదలయ్యే బేస్‌లు, భిన్నాల బేస్‌లు, పవర్ మీద పవర్, ఇవన్నీ పీడీఎఫ్ చేసి నాకు పంపు. కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాను.

మీ అత్త