కోర్సు కంటే ముందు కోడ్‌బుక్ తెరవండి

ప్రశ్న: ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. స్కూలు దాటాక లెక్కల జోలికి పోలేదు. రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ ఆన్‌లైన్‌లో నేర్చుకుందామని పదిహేను కోర్సుల లింకులు దాచుకున్నాను. ఒక్కటీ పూర్తి కాలేదు. సర్టిఫికెట్ ఉంటే పరిశోధన ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ఆ పదిహేనులో ఒక్కటే ఉంచుకోండి. నన్నడిగితే కోర్సెరాలో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లది. సోషల్ సైన్స్ వాళ్ల కోసమే తయారుచేసింది. సగటు, శాతాలు తెలిస్తే మొదలుపెట్టడానికి చాలు, టెన్షన్ వద్దు. ఎక్కడైనా తడబడితే ఖాన్ అకాడమీ వీడియో ఒకటి చూసి మళ్లీ వెనక్కి రండి.

అయితే వీడియోలు చూస్తూ కూర్చుంటే ఈ విద్య అబ్బదు. చేతిలో డేటా ఉండాలి. వివిధ దేశాల ప్రజలను వాళ్ల విలువలు, అభిప్రాయాల గురించి అడిగే వరల్డ్ వాల్యూస్ సర్వే 1981లో మొదలైంది. దాని డేటాను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని జాస్ప్ (JASP) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అదీ ఉచితమే, కోడ్ రాసే పని లేదు. కోడ్ రాసి విశ్లేషణ చేసే ఆర్ (R) భాష నేర్చుకోవడం తర్వాత చూద్దాం.

ఇప్పుడు రెండే ప్రశ్నలు తీసుకోండి: 'మీరు ఎంత సంతోషంగా ఉన్నారు?', 'జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు?' రెండిటికీ కోరిలేషన్ (ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందా, తగ్గుతుందా అని చెప్పే అంకె) వేస్తే రుణాత్మకంగా వస్తుంది. అంటే సంతోషంగా ఉన్నవాళ్లకే తృప్తి తక్కువా? కాదు. కోడ్‌బుక్ చూడండి, అంటే డేటాలో ఏ అంకెకు ఏ జవాబో చెప్పే పత్రం. సంతోషం ప్రశ్నలో 1 అంటే 'చాలా సంతోషం', 4 అంటే 'అస్సలు లేదు'. తృప్తి ప్రశ్నలో అంకె పెరిగేకొద్దీ తృప్తి పెరుగుతుంది. 'తెలియదు' అన్నవాళ్లకు -1 వేసి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే సగటు కూడా తప్పే. ఈ దెబ్బ ఒకసారి తిన్నవాళ్లు కోడ్‌బుక్ చదవకుండా ఇక డేటా ముట్టుకోరు.

రిగ్రెషన్ (ఒకదాని మీద మిగతావాటి ప్రభావం ఎంతో అంచనా వేసే పద్ధతి) దాకా వచ్చాక దాని ఫలితాల పట్టిక చూసి చాలామంది బెదిరిపోతారు. అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ సైట్‌లో ఇలాంటి పట్టికలను ఒక్కో అంకెకూ అర్థం చెబుతూ విడమరిచారు. నాకు తెలిసి ఇంత ఓపికగా చెప్పినవాళ్లు తక్కువ.

ఇక సర్టిఫికెట్. రెజ్యూమేలో ఒక లైను, అంతే. దానికంటే మీరు సొంతంగా చేసిన రెండు పేజీల విశ్లేషణ ఎక్కువ పనికొస్తుంది: ప్రశ్న ఏమిటి, ఎవరిని అడిగారు, ఒక పట్టిక, ఆ పట్టిక చెప్పలేనిది ఏమిటి. ఆ -1లను ఏం చేశారో కూడా రాయండి. ఇంటర్వ్యూలో నేనుంటే మొదట అడిగేది అదే.