పడవ కడగడానికి ఏ మందు మంచిది?

ఫైబరు పడవను పాడుచేయకుండా బాగా శుభ్రం చేసే మందు ఏదని అడిగారు. పేరు తర్వాత చెబుతాను. ఏది కొన్నా సరే, రెండు మందులు కలపకండి.

మాది కాకినాడ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా తీరంలో వేట నిషేధం. పడవలు ఒడ్డుకు లాగి గీకడం, కడగడం, రంగులు వేయడం అన్నీ ఆ 61 రోజుల్లోనే. ఒక ఏడు మే నెలలో ఐసు పెట్టె నీచు వాసన పోవాలని మా బావమరిది అడుగంతా బ్లీచింగ్ పౌడరు చల్లాడు. అది చాలదన్నట్టు మరుగుదొడ్డి కడిగే యాసిడ్ తెచ్చి దాని మీదే వంపాడు. బుసబుసమని పొంగి ఆకుపచ్చగా, పసుపుగా పొగ లేచింది. ఆ పొగే క్లోరిన్ అనే విషవాయువు. అది గాలికన్నా బరువు, గుంటలోంచి ఓ పట్టాన పైకి రాదు. వాడేమో ఆ ఐసు పెట్టె గుంటలోనే మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా పట్టుకుని బయటికి లాగి, గాలివాటుకు ఎదురుగా కూర్చోబెట్టాను. కళ్లు చింతనిప్పులు. రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాడు. మా అత్తగారు మాత్రం “పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారా అల్లుడుగారూ” అని నన్నే నిలదీశారు!

యాసిడ్ పోస్తే అడుగున పట్టిన గుల్లలు కరుగుతాయి, నిజమే. అవి సున్నపు పెంకులు కదా. కానీ అదే యాసిడ్ ఇంజను అల్యూమినియాన్నీ, జింకు పూత బోల్టులనూ తినేస్తుంది. గుల్లలు ఎండి బిగుసుకోకముందే, పడవ లాగిన రోజే చెక్కబద్దతో గీకేయండి. ఇంత చిన్న పనికి బద్ధకించి సీసాల వెంట పడతారు జనం.

ఆ సీసాల సంగతి మరీ విచిత్రం. పడవ బొమ్మ వేస్తే ఒక ధర, ఆకు బొమ్మ కూడా వేస్తే ఇంకో ధర. ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ నురగ చేపలకు పాయసం కాదు. కడుగుడు ఒడ్డున, ఇసుక మీద పెట్టుకోండి. పడవ అడుగున కారిన డీజిల్ మీద సబ్బు అసలే పోయవద్దు. నూనె చిన్న చిన్న బొట్లై నీళ్లలో కలిసి కంటికి కనబడదంతే, ఎక్కడికీ పోదు. పాత గోనెసంచితో అద్ది తీయండి.

బట్టల సబ్బు బిళ్ల ఉప్పునీటిలో నురగ రాక విరిగిపోతుంది, అది దండగ. ఇక మీరు అడిగిన పేరంటారా? మా ఇంట్లో అంట్లు తోమే ద్రవం ఏ కంపెనీదైతే అదే, బకెట్టు మంచినీటికి రెండు మూతలు.